కొట్టేసిన మాటలు

"వదినె, పకోడీలల్ల ఉల్లిగడ్డ జర ఎక్కువెయ్యి. నాకు బిడ్డ పుట్టింది. ఊళ్లె నా పెండ్లాం స్వర్ణకు మన భాషల నాలుగు మాటలు టేపుల నింపి పంపాలె" అన్నాడు బుచ్చన్న, గుమ్మంలో చెప్పులు విప్పుతూనే.

వారమంతా ఆసుపత్రి వార్డులో నర్సుగా నిలబడిన కాళ్లతోనే ఆ శుక్రవారం కూడా పొయ్యి ముందు నిలబడ్డాను. మేము కొలాములం, ఆదిలాబాద్ కొండల వాళ్లం. మా గూడేలలో పిల్లలు అప్పటికే అమ్మమ్మలకు తెలుగులో జవాబు చెబుతున్నారు. అందుకని రియాద్‌లో, మలాజ్‌లోని మా రెండు గదుల ఇంట్లో, నా భర్త భూమేష్, లేబర్ క్యాంపు నుంచి వచ్చే మరో తొమ్మిదిమంది మావాళ్లు మా సొంత భాషను బతికించడానికి పూనుకున్నారు.

దానికి కారణం యుద్ధం. ఏడాది కిందట, విషవాయువు క్షిపణుల భయంతో కిటికీలకు టేపు అంటించి, తలుపు కింద తడి తువాలు కుక్కి, అందరం ఒకే గదిలో సైరన్ ఆగేదాకా కూర్చున్నాం. నా కూతురు చరిత వణికిపోతుంటే, మా భాషలో, మా అమ్మ ముత్యవ్వ మాటలే నా నోట వచ్చాయి. కాన్వెంటులో సిస్టర్లు పదేళ్లు తోమినా పోని మాటలు. అవి విని మగవాళ్లు ఏడ్చారు. ఏడ్చినవాళ్లే సంఘం పెట్టారు. భూమేష్ అధ్యక్షుడయ్యాడు. వంటగది నా వంతుకు వచ్చింది.

నిప్పును కిస్ అంటామనీ, నీళ్లను ఈర్ అంటామనీ వాళ్లకూ తెలుసు. దాదాపు అక్కడితో వాళ్ల భాష అయిపోతుంది. మిగతాది హాల్లోంచి కేకవేసి అడుగుతారు. నూనె మీద నుంచి చూపు తిప్పకుండా నేను జవాబిస్తాను. ఎవరో ఒకరు రాసుకుంటారు. ఆ తరువాత, మాట దొరికినందుకు ఒకరినొకరు మెచ్చుకుంటారు, తెలుగులో.

పద్ధతి లేని పని నాకు పడదు. డ్యూటీ విరామాల్లో ఆరువందల మాటలను నోటుబుక్కులో వరుసగా రాసి, ఊళ్లో అచ్చు వేయించమని భూమేష్ చేతికిచ్చాను. వారానికి అది ఆయన ఎర్ర సిరా గీతలతో తిరిగి వచ్చింది. మొదటి ముట్టు, నిలవని కడుపు, పురిటి నొప్పి, బాలింత, తాగొచ్చి కొట్టే మొగుణ్ణి ఆడవాళ్లు తిట్టుకునే తిట్టు. మొత్తం నలభై ఒక్క మాటలు, కింద అక్షరం కూడా కనబడనంతగా కొట్టేసి ఉన్నాయి.

"గివన్నీ పుస్తకంల పెడితే ఇజ్జత్ పోతది. భాషంటే శుభ్రంగుండాలె" అన్నాడు భూమేష్.

పదిహేనేళ్లుగా చీమూ నెత్తురూ తుడిచిన చేతులు నావి. ఏ రోగి దగ్గరా నాకు అసహ్యం కలగలేదు. ఆ ఎర్ర గీతలు చూస్తే కలిగింది. ఈ పదిమందీ ఆ మాటల మధ్య నుంచే భూమి మీద పడ్డారు. అవి తెలిసిన ముసలివాళ్లు మా గూడెంలో ఇద్దరే మిగిలారు, ఒకరు మా అమ్మ. వాళ్ల తరువాత నేను.

హాల్లో టేప్ రికార్డర్ మీట నొక్కిన చప్పుడైంది. బుచ్చన్న సగం వాక్యం చెప్పి ఆగిపోయాడు.

"వదినె, బాలింతను మన భాషల ఏమంటరు? మా అవ్వ అంటుండె, నోటికొస్తలేదు."

"అది ముప్పై ఏడోది" అన్నాను.

"అంటే?"

"మీరు కొట్టేసిన వాటిలో ముప్పై ఏడో మాట. చూసుకో."

ఎవరో నవ్వారు. "వదినె టీచరమ్మయింది."

"ఏం నకరాలే? అడిగితే చెప్పరాదా?" అన్నాడు భూమేష్.

"అన్నా, గీసింది నువ్వే కద" అన్నాడు బుచ్చన్న, నెమ్మదిగా. "నువ్వన్న చెప్పు."

భూమేష్‌కు తెలియదు. అక్కడ ఎవరికీ తెలియదు. క్యాసెట్ మాత్రం తిరుగుతూనే ఉంది, పదిమంది మగవాళ్ల మౌనాన్ని పచ్చి బాలింతకు పంపడానికి ఎక్కించుకుంటూ.

నేను పొయ్యి ఆర్పాను. కలిపిన పిండిని అలాగే వదిలేశాను. పన్నెండేళ్ల చరితను లోపలి గదికి పిలిచి, కొత్త నోటుబుక్కు తెరిచి, ఆ నలభై ఒక్క మాటలతోనే మొదలుపెట్టాను. తలుపు వేయలేదు. భాష కావాలనుకున్నవాళ్లు తమ చాయ్ తామే కాచుకుని వచ్చి, నా కూతురి వెనక, నేల మీద కూర్చోవాలి.