వేదికెక్కిన వల

నేను ఒక వలను. చేపల వలను. దోమతెరనీ, వాలీబాల్ నెట్టునీ నాతో కలిపారంటే నాకు ఒళ్లు మండుతుంది. భీమిలి దగ్గర ఒక పేటలో ఎల్లాజీ, అతని పెళ్లాం బంగారమ్మ కలిసి నైలాన్ దారంతో నన్ను అల్లారు. ఎక్కడ చిరిగినా బంగారమ్మ నీలం దారంతో అతుకు వేసేది. మొన్నటి తుఫానుకి వాళ్ల పడవ ముక్కలైంది. నన్ను మాత్రం ఇంట్లోకి లాక్కుని మిగుల్చుకున్నారు. ఎలాగోలా పడవ బాగుచేయించుకుంటే, నాతో మళ్లీ బతికేయొచ్చని వాళ్ల ఆశ.

ఆ ఒడ్డునే సాగరవేదిక అని పెద్ద హాలుంది. పాటకచేరీలు, విందులు, దానధర్మాలు అన్నీ అక్కడే. ఎంగిలి చేత్తో కాకిని తోలని పెద్దమనుషులు కూడా అక్కడి మైకు ముందు దానకర్ణులే. తుఫాను బాధితుల కోసం సంగీత విభావరి పెట్టి, అలంకరణకి నిజమైన వల కావాలన్నారు. మన కోసమే కదా అని ఎల్లాజీ నన్ను ఉత్తినే ఇచ్చాడు. అలంకరణ చేసేవాడు నన్ను వేదిక మీద సోఫాల వెనక వేలాడదీసి, పొడవెక్కువైందని ఒక చివర కత్తిరించేశాడు. మిగిలిన నాకు థర్మకోల్ చేపలు గుచ్చాడు. నా జన్మలో అంత అవమానం ఎరగను.

ఆ రోజు బాధితులకి పంచుతామన్న కొత్త వలలు రానేలేదు. ఫోటో ఆగుతుందా మరి? కార్యక్రమం నడిపే వరదరాజు ఆ తెగిన ముక్కనే మడిపించి, రిబ్బను కట్టించాడు. ముఖ్య అతిథి గారు బాధితుల తరఫున ఎల్లాజీని పిలిచి, శాలువా కప్పి, అది చేతిలో పెట్టారు. కెమెరాలు మెరిశాయి. ముక్క మీద నీలం దారం చూసి ఎల్లాజీ బిక్కచచ్చిపోయాడు. కింద నిలబడ్డ బంగారమ్మ మాత్రం గబగబా వేదికెక్కేసింది.

“ఇది మా వలండీ! ఎవులు కోసీసినారు?”

“అక్క ఆనందం పట్టలేకపోతోంది! చప్పట్లు!” అంది యాంకరమ్మ.

హాలంతా చప్పట్లు. సిగ్గులేని చప్పట్లు! సోఫాల వెనక వేలాడుతున్న నన్ను బంగారమ్మ రెండు చేతులా పట్టుకుని ఒక్క లాగు లాగింది. నేను వెళ్లి సోఫాల్లో కూర్చున్న పెద్దలందరి మీదా పడ్డాను. నిజం చెబుతున్నా, కావాలనే పడ్డాను. అంత కొవ్విన సరుకు సముద్రంలో కూడా నాకెప్పుడూ చిక్కలేదు.

వాళ్లు గింజుకున్న కొద్దీ ఇంకా బిగుసుకున్నాను. “కోసెయ్యండి!” అని వరదరాజు అరిచాడు.

“కొయ్యకండి బాబూ, నిమిసంలో ఇప్పీస్తాను, మీకు దణ్ణమెడతాను!” అంటూ బంగారమ్మ వాళ్ల కాళ్ల దగ్గర కూలబడి చిక్కులు విప్పసాగింది. ఆ నిమిషం ఆగలేకపోయారు. కత్తెరలు తెచ్చి, ఆమె చేతుల్లోనే నన్ను ముక్కలు ముక్కలు చేశారు. ఆ తర్వాత పాటలు మొదలయ్యాయి. విందు కూడా బాగానే జరిగిందట.

ఇప్పుడు నేను బంగారమ్మ వాళ్ల పెరట్లో వంగమొక్కల చుట్టూ కట్టిన దడిని. ఎల్లాజీ ఎవరి పడవ మీదో కూలికి వెళ్తున్నాడు. మొన్న హాలు నుంచి ఒకతను ఫ్రేము కట్టించిన ఫోటో తెచ్చాడు. అందులో శాలువా కప్పుకున్న ఎల్లాజీ, అతని చేతిలో రిబ్బను కట్టిన నా ముక్క. గోడకి తగిలించుకోమన్నాడు.

బంగారమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

“దీన్ని సంద్రంలో ఏస్తే సేపలు పడతాయేటి బాబూ?”