ఎడమ సీటు సారు

ఎల్లారెడ్డిలో కారు నడిపేవాళ్లలో సగం మంది డ్రైవింగ్ నేర్పే స్వామిదాసు సారు చేత తిట్లు తిన్నవాళ్లే. ఇరవై రెండేళ్లుగా ఆయన కూర్చునేది ఎడమ సీటులోనే. అటువైపూ ఒక బ్రేకు, ఒక క్లచ్చి ఉంటాయి. చర్చికి పోయినా, చుట్టాల పెండ్లికి పోయినా శిష్యుల్లో ఎవరో ఒకరు బండి నడిపేవారు, ఆయన పక్కన కూర్చుని అరిచేవాడు.

ఈ ఏడు డ్రైవింగ్ స్కూళ్ల రూల్సు మారాయి. నేర్పేవాళ్లు కూడా కామారెడ్డిలో బండి నడిపే పరీక్షకు హాజరు కావాలి, పాసైతేనే స్కూలుకు మళ్లీ పర్మిషను. నాకు పరీక్ష ఏందని నవ్వుకుంటూ పోయాడు స్వామిదాసు.

అక్కడ కుడి సీటులో కూర్చున్నాడు. ఎడమ సీటులోంచి చూసినప్పుడు రోడ్డు అంచు తన మోకాలి పక్కనే కనపడాలన్నది ఆయన అలవాటు. కుడి సీటులోంచీ అట్లే చూసుకున్నాడు. ఇంకేముంది, ఎడమ చక్రాలు రెండూ తెల్లగీత దాటి మట్టిలోకి దిగాయి. పదిహేను రోజులయ్యాక మళ్లీ రమ్మన్నారు. అప్పుడూ తప్పితే స్కూలుకు తాళమే.

మర్నాడు పొద్దున్నే రుక్మాబాయి వచ్చింది. కూరగాయల వ్యాను కొనుక్కుందామని నేర్చుకుంటున్న మనిషి.

"ఏమైంది సార్, పాసైనవా?"

"ఫెయిలైన."

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"నవ్వుతె నవ్వు గని, గా ఎడమ సీట్ల కూసో. నేను గీత తొక్కితె చెప్పు."

"నేనా! నాకే రివర్సు రాదు గద సార్."

"రివర్సు సంగతి నాకెర్కనే. నువ్వు గీత చూడు."

పోచారం రోడ్డు పట్టారు. అర కిలోమీటరు పోయారో లేదో, "సార్, మట్టి! మట్టి!" అని కేక పెట్టింది. ఇంకాస్త దూరం పోయాక, రోడ్డు పక్కన మేస్తున్న గేదెలను చూసి, "గిట్ల పోతె నన్ను బర్ల మీద పడేస్తవ్" అని బ్రేకు తొక్కేసింది. బండి గక్కున ఆగింది.

"ఊకె ఒర్లకు! చేతులు వణుకుతున్నయ్ నాకు" అన్నాడు స్వామిదాసు.

"మాకు రోజూ వణుకుతలెవ్వా?"

ఆయన మళ్లీ బండి స్టార్టు చేశాడు. అబద్ధమెందుకు, ఆ పూట ఆయనకు కోపం కూడా రాలేదు. మర్నాటి నుంచి ఆమె గొంతు తగ్గించి, "జర కుడికి సార్" అనడం మొదలుపెట్టింది. ఆయనా తక్కిన శిష్యులతో అట్లే అనసాగాడు.

రెండో పరీక్షకు ఆమె తోడు వెళ్లింది. మలుపులో ఎడమ చక్రాలు గీతకు జానెడు ఇవతలే ఉన్నాయి. ఆఫీసరు కాగితం మీద సంతకం పెట్టాడు.

"బండి తాళం ఇయ్యి సార్, నేను నడుపుత" అంది రుక్మాబాయి.

"ఇయ్యాల నేనే నడుపుత. కూసో."

తిరుగుదారిలో లింగంపేట దాటేసరికి ఎడమ సీటులో ఆమె నిద్రపోయింది.