నాలుగో వైపు కుట్టేముందు

మా పరుపుల కొట్లో ఒక పద్ధతి ఉండేది. పరుపుకి మూడు వైపులా కుట్టేశాక నాలుగో వైపు తెరిచే ఉంచి, ఆ పరుపు ఎవరిదో వాళ్ళని పిలిచేవాళ్ళం. వాళ్ళు భుజం దాకా చెయ్యి లోపలికి పెట్టి, మూలమూలా తడిమి, తామిచ్చిన దూదే ఉందని, మధ్యలో చెత్త కుక్కలేదని చూసుకుని ఊఁ అంటేనే ఆఖరి కుట్టు పడేది. అది మా ఆయన పెట్టిన పద్ధతి. కొందరు మొహమాటపడి, మీ మీద నమ్మకం లేకనా అనేవారు. నమ్మకం సంగతి తర్వాత, ముందు చెయ్యి పెట్టండి అనేవాడు ఆయన. ఒకావిడ అలా చెయ్యి పెట్టి గాజు లోపలే జారవిడుచుకుని, మర్నాడు దాన్ని మేమే కాజేశామని వీధంతా చాటింది. పరుపు విప్పితే గాజు దొరికింది. విప్పి మళ్ళీ కుట్టినందుకు కూలి మాత్రం ఇవ్వలేదు ఆ మహాతల్లి.

ఆయన పోయాక కొట్టు మా అబ్బాయి చేతికి వచ్చింది. కొట్టుతో పాటే దబ్బనమూ వచ్చాడు. దబ్బనమంటే పరుపులు కుట్టే పెద్ద సూది. మా ఆయన నాటి నుంచీ మా దగ్గరున్న పనివాడికి ఆ పేరే స్థిరపడిపోయింది. మనిషి సన్నగా, పొడుగ్గా, కొనదగ్గర కాస్త వంగి ఉంటాడు, పైగా చొక్కా కాలరుకి ఎప్పుడూ ఒక దబ్బనం గుచ్చుకుని తిరుగుతాడు. నన్ను వదినా అంటాడు. మావాడికి అతను బాబాయి, అతని భార్య పిన్ని. వాళ్ళకి పిల్లలు లేరు. నేను కొట్లో దూది తూకం వేస్తుంటే మావాణ్ణి చంకనేసుకుని తిరిగింది ఆవిడే. వాడికి తల నెరిశాక కూడా "నాన్నా" అనే పిలిచేది.

తర్వాత ఫోమ్ పరుపులు వచ్చాయి. దూది పరుపు ఎండలో వేయాలి, ఏడాదికోసారి ఏకించాలి, ఎవరికి ఓపిక? మావాడు కూడా ఊరుకోలేదు. మనమూ ఫోమే చేద్దామని బ్యాంకు అప్పు తీసుకుని, ఫోమ్ కోసే పెద్ద యంత్రం కొన్నాడు. దాని మీద గుడ్డ తీసి నాలుగు నాళ్ళు కాకుండానే వీధి చివర అద్దాల షోరూమ్ వెలిసింది. పరుపు వాయిదాల మీద ఇస్తారట, దిండ్లు ఊరికే ఇస్తారట. బ్యాంకుకి కట్టడానికి మావాడు ఫైనాన్సు కంపెనీలో తెచ్చాడు. అక్కడ కట్టడానికి గుడ్డల వ్యాపారి దగ్గర తెచ్చాడు. చివరికి దబ్బనం తన ఇంటి కప్పు వేయించుకోవడానికి దాచుకున్నది కూడా తెచ్చి వాడి చేతిలో పెట్టాడు. మావాడు అడగలేదు. అడగకుండా ఇచ్చిందే ఎక్కువ బరువైంది.

ఫోన్ మోగడం మొదలైంది. కొట్లో బేరం ఉన్నప్పుడు మోగితే మావాడు దాన్ని దూది బస్తాలో కుక్కేసేవాడు. బస్తా కడుపులో పిల్ల కదిలినట్టు కదిలేది. దబ్బనం దానికేసి చూసి, "మనం ఏకిన దూదికి ప్రాణం వచ్చింది వదినా" అనేవాడు. అప్పట్లో ఇంకా నవ్వేవాళ్ళం.

ఐపీ పెడదాం, అంటే అప్పులు తీర్చలేమని కోర్టులో అర్జీ వేద్దాం అన్న మాట ముందు కోడలి నోటి నుంచి వచ్చింది. కోడలు ఒక చిన్న ఆసుపత్రిలో టోకెన్లు ఇచ్చే ఉద్యోగం చేస్తుంది. అక్కడెవరో చెప్పగా ఒక వకీలు అమ్మాయి దగ్గరికి వెళ్ళి మాట్లాడి వచ్చింది. మావాడు తింటున్న కంచం ముందు నుంచి లేచిపోయాడు. బోర్డు తిప్పేసినవాడి పిల్లలని రేపు మన పిల్లల్ని అంటారు, అది కావాలా నీకు అన్నాడు. కోడలు కంచం తీస్తూనే జవాబిచ్చింది.

"ఇప్పుడేమంటున్నారో మీరు విన్నారా? ఫోన్ బస్తాలో ఉంటే వినబడదులెండి."

ఆ మాట వాడికి తగిలింది. ముగ్గురం కలిసి వెళ్ళాం.

వకీలు అమ్మాయి గది జిరాక్సు దుకాణం పైన ఉంది. కింద యంత్రం తిరిగినప్పుడల్లా ఆమె బల్ల వణికేది, మంచినీళ్ళ గ్లాసు మెల్లగా అంచుకు జరిగేది, ఆమె చూడకుండానే దాన్ని వెనక్కి లాగేది. అన్నీ విడమరిచి చెప్పింది. అర్జీ కోర్టు తీసుకున్నాక అప్పులవాళ్ళు ఇంటిమీదకి రావడానికి వీల్లేదట. కోర్టు ఒక అధికారిని వేస్తుందట, మావాడి పేరున ఉన్నవన్నీ ఆయన చేతిలోకి వెళ్తాయట, అవి అమ్మితే వచ్చిన డబ్బు అందరికీ వాళ్ళ వాళ్ళ బాకీని బట్టి పంచుతారట. మిగిలిన బాకీ నుంచి విడుదల చేస్తారట, కానీ ఊరికే కాదు. పేపర్లో పేరు వేస్తారు. జడ్జి ముందు నిలబడి అడిగినదానికల్లా జవాబు చెప్పాలి. కొన్నేళ్ళ దాకా ఎక్కడైనా అప్పు అడిగితే ముందు ఈ సంగతి చెప్పుకుని అడగాలి.

మంచాలు కూడా పట్టుకుపోతారా అమ్మా అని నేనడిగాను.

"ఇంట్లోకి కావలసినవి వదిలేస్తారు మామ్మగారూ. చేతి పనిముట్లు కూడా. పెద్ద యంత్రాలు మాత్రం వెళ్ళిపోతాయి."

వాయిదా కట్టడానికి వాడి చేతిలో పెట్టిన నా గొలుసు కూడా బాకీల్లో రాసుకుంటావా అన్నాను. ఇచ్చారా, అప్పిచ్చారా అని అడిగింది. ఇచ్చానన్నాను. కలం పక్కన పెట్టింది.

తర్వాత మావాడి వైపు తిరిగి, ఈ మధ్య ఎవరికైనా బాకీ తీర్చారా, ఏదైనా వస్తువు ఇచ్చారా, ఆలోచించి చెప్పండి అంది. మావాడు ఆలోచించలేదు. లేదండీ అన్నాడు.

అంతకు ముందు నెలలోనే వాడు మా దూది ఏకే మిషన్‌ని బండికెక్కించి దబ్బనం ఇంట్లో దింపి వచ్చాడు. కొట్టు ఎలాగూ నిలవదు, అందరూ పీక్కుపోయేలోగా బాబాయి డబ్బుకి బదులు ఇదైనా దక్కనీ అన్నాడు నాతో. వాడు చేసినవాటిల్లో నాకు మనసు నిండిన పని అదొక్కటే. ఇప్పుడు అదే దాస్తున్నాడు. కోడలికి ఆ సంగతి తెలియదు. వకీలు అమ్మాయి రాసుకుంటోంది.

"మిషన్ సంగతి చెప్పరా" అన్నాను.

ఆమె కలం ఆగింది. మావాడు నా వైపు చూడలేదు. చెప్పాడు. ఆమె కోప్పడలేదు, జాలిగా కూడా చూడలేదు. మీరు ఒక్కరికి మేలు చేద్దామనుకున్నారు, కోర్టు మాత్రం ఒక్కరికి ఇచ్చి మిగతావాళ్ళని ఎగ్గొట్టారంటుంది, అంది. అధికారి దాన్ని ఎలాగైనా వెనక్కి రప్పిస్తాడట. దాచి ఉంచామని తేలితే అర్జీ కొట్టేయడమే కాదు, వాడి మీద కేసు కూడా అవుతుందట. మీరే వెళ్ళి తెచ్చి చూపించండి, లేదా అర్జీ మాటే మరిచిపోండి అంది.

ఇంటి గుమ్మంలో చెప్పులు విప్పుతూ మావాడు అన్నాడు.

"నువ్వు ఊరుకుని ఉంటే సరిపోయేది కదమ్మా. నేను బాబాయిని అడగలేను. ఐపీ వద్దు, ఏం వద్దు. ఇలాగే పోతాను."

వాడు అబద్ధమాడింది చెడ్డపని కోసం కాదు, నేను నిజం చెప్పించింది వాడికి మంచి చేసిందో లేదో నాకే తెలియలేదు. కోడలు పిల్లల బట్టలు మడతపెడుతూ కూర్చుంది, మడతపెట్టినవే మళ్ళీ విప్పి మడతపెట్టింది.

ఆ వారం ఫైనాన్సు కంపెనీవాడు కోడలి ఆసుపత్రికి వెళ్ళాడు. గొడవ చేయలేదు. టోకెన్ తీసుకుని మరీ జబ్బుమనుషుల మధ్య కూర్చున్నాడు. తన నంబరు పిలిచాక కౌంటరు దగ్గరికొచ్చి, మీ ఆయన ఎప్పుడు కడతాడమ్మా అని అందరికీ వినబడేట్టు అడిగాడు. కోడలు ఇంటికొచ్చి జరిగింది జరిగినట్టు చెప్పి, ముఖం కడుక్కుని వంటకి కూర్చుంది. అప్పుడు మావాడు నన్ను పిలిచాడు.

"పద అమ్మా. బాబాయి ఇంటికి."

దబ్బనం ఇంట్లో ముందుగది అంతా మిషనే ఉంది. మంచాన్ని నడవలోకి జరిపేశారు. చుట్టుపక్కల ఇళ్ళవాళ్ళు పాత పరుపులు తెచ్చిస్తున్నారట, మొగుడూ పెళ్ళాలిద్దరూ ముక్కులకి గుడ్డలు కట్టుకుని ఏకుతున్నారు. పళ్ళ చక్రం తిరుగుతుంటే నూగు గదంతా ఎగిరి, ఆవిడ కనుబొమలు తెల్లగా అయిపోయాయి. మమ్మల్ని చూసి మిషన్ ఆపింది. కూర్చో నాన్నా అంది. వాడు కూర్చోలేదు. నిలబడే మొత్తం చెప్పాడు, వకీలు అమ్మాయి చెప్పింది చెప్పినట్టే, తాను లేదని అబద్ధమాడడంతో సహా.

దబ్బనం ముక్కు మీది గుడ్డ కిందికి లాగాడు.

"అయితే బ్యాంకూ నేనూ ఒకే వరసలో నిలబడాలన్నమాట. బ్యాంకు పక్కన నిలబడ్డానంటే ఎవరైనా నమ్ముతారా వదినా?"

ఎవరమూ నవ్వలేదు. ఆ పంపకంలో తమకి ఎంత వస్తుందని ఆవిడ అడిగింది. ఎంతని చెప్పలేమట పిన్నీ, చాలా తక్కువ రావచ్చు అన్నాడు మావాడు. ఆవిడ నా వైపు తిరిగింది.

"నీ కొడుకు విడుదల చేయించుకుని హాయిగా పడుకుంటాడక్కా. మా కప్పు మాత్రం కురుస్తూనే ఉంటుంది."

తప్పు మాట కాదు. నేను తల వంచుకున్నాను. మావాడు చటుక్కున, "నువ్వు వద్దంటే అర్జీ పెట్టను పిన్నీ. ఇక్కణ్ణుంచి ఇంటికే పోతాను" అన్నాడు.

అప్పటిదాకా మెత్తగా ఉన్న దబ్బనం గొంతు మారింది. "ఆ బరువు ఆవిడ నెత్తిన పెట్టకు. అది నీది."

కాలరులోని సూది తీసి, ఊరికే వేళ్ళ మధ్య తిప్పుతూ మళ్ళీ అన్నాడు.

"ఇది తెచ్చి దింపిననాడే అనుకున్నాను, చీకటి పడ్డాక ఎందుకు తెచ్చావా అని. నోరు తెరిచి అడగలేదు, నాకూ ఆశ ఉంది. మూడు వైపులూ చూపించి నాలుగోది నువ్వే కుట్టేసుకుంటే ఎలారా? మీ నాన్న చేతికింద పని నేర్చుకున్నవాళ్ళం. చెయ్యి పెట్టనీ. లోపల ఎంతుంటే అంతే ఉంటుంది."

బండి పిలిపించి మిషన్ ఎక్కించింది కూడా అతనే. ఒక పక్క అతను, ఒక పక్క మావాడు పట్టారు. ఆవిడ సాయం పట్టలేదు, అడ్డమూ రాలేదు. మేము వీధిలోకి వచ్చేసరికి అది ఉన్న చోటు ఊడుస్తోంది. వస్తామమ్మా అన్నాను. చీపురు చప్పుడే వినబడింది.

మర్నాడు మావాడు అర్జీ మీద సంతకం చేశాడు. తర్వాత జరిగిందంతా వకీలు అమ్మాయి చెప్పినట్టే జరిగింది. పేపర్లో పేరు పడింది. కోర్టులో జడ్జి మిషన్ గురించి అడిగాడు, ఎందుకిచ్చావు, ఎందుకు తెచ్చావు అని. మావాడు గొంతు తగ్గించి చెప్పాడు, ఇంకొంచెం గట్టిగా అన్నాడాయన, మళ్ళీ మొదటి నుంచి చెప్పాడు. అధికారి వచ్చి కొట్టుకి సీలు వేశాడు. ఫోమ్ యంత్రం పోయింది, దూది మిషన్ ఇనుము ధరకి పోయింది. దబ్బనాలు, కత్తెర, దారపుండలు, దూది కొట్టే కర్రలు వదిలేశారు. బాబాయికి వచ్చిన వంతు కప్పులో ఒక మూలకి సరిపోయింది. ఫోన్ మోగడం ఆగిపోయింది, అయినా మావాడి చెయ్యి అప్పుడప్పుడూ జేబు మీదికి పోతూనే ఉండేది.

ఇప్పుడు కొట్టు లేదు. మావాడూ దబ్బనమూ కలిసి, పిలిచినవాళ్ళ ఇళ్ళకే వెళ్ళి కుడుతున్నారు. దూది పరుపులే. నడుము నొప్పులకి డాక్టర్లు మళ్ళీ అవే వాడమంటున్నారట, షోరూమ్ వాడికి ఆ సంగతి ఇంకా తెలియదు కాబోలు. వచ్చినదాంట్లో ఇద్దరికీ సగం సగం. బాబాయి రోజూ పొద్దున్నే మా గుమ్మంలోకి వస్తాడు. పిన్ని మాత్రం ఆ వానాకాలమంతా మా గడప తొక్కలేదు.

వానలు తగ్గాక ఒక మధ్యాహ్నం వచ్చింది. వెనక దబ్బనం, నెత్తిమీద తడిసి ముద్దయిన పరుపు. కప్పు కురిసిన చోటే మంచం ఉందట. మొగుడే పరుపులు కుట్టేవాడు, ఇంట్లోనే చేయించుకోవచ్చు. మావాణ్ణే చేయమంది. కూలి డబ్బులు కొంగుకి కట్టి తెచ్చుకుంది, అవి వరండా గట్టు మీద పెట్టి పక్కన కూర్చుంది. మావాడు వద్దనలేదు. పరుపు విప్పి దూది ఎండబెట్టి, కర్రతో కొట్టి విడదీసి, కొత్త గుడ్డలో నింపాడు. మళ్ళీ మూడు రోజులకి ఆవిడ వచ్చేసరికి మూడు వైపులూ కుట్టి ఉన్నాయి.

"పిన్నీ, చెయ్యి పెట్టు" అన్నాడు.

మా కొట్లో ఇన్నేళ్ళలో ఆవిడ ఎన్నడూ చెయ్యి పెట్టి చూడలేదు. మనవాళ్ళ దగ్గర చూడటమేమిటి అనేది. ఆ రోజు మోకాళ్ళ మీద కూర్చుని, గాజులు మోచేతి దాకా ఎగదోసుకుని, చెంప గుడ్డకి ఆనేదాకా చెయ్యి లోపలికి పెట్టింది. ఒక మూల చూసింది, రెండో మూల చూసింది, మధ్యలో పిడికిలి పట్టి వదిలింది. ఏ బేరగాడూ అంతసేపు చూడలేదు. దబ్బనం వీధికేసి చూస్తూ నిలబడ్డాడు. మావాడు కదలకుండా, పరుపు అంచు తెరిచి పట్టుకుని ఉన్నాడు.

ఆవిడ చెయ్యి బయటికి తీసుకుంది. దానికంటుకున్న దూది దులుపుకుంది.

"కుట్టు" అంది.

నాన్నా అనలేదు. మావాడు సూదికి దారం ఎక్కించి, మొదటి పోటు వేశాడు.