వాగు కలిసే చోట

వాన వెలిసేసరికి కొండవాగు బురదరంగుకు తిరిగింది. నల్ల ఇసుకను కోసుకుంటూ పోయి సముద్రంలో కలుస్తోంది. అట్లాంటిక్ సముద్రం నడుమ అజోర్స్ దీవుల్లోని ఆ మారుమూల తీరంలో ఈతగాళ్లను కాచే ఉద్యోగం ఒడీలియాది. పొద్దున్నే సీసాలో నీళ్లు పట్టి, పక్క దీవికి వెళ్లే పడవలో పరీక్షకు పంపింది. ఫలితం రేపటికి గానీ రాదు. అందాకా ఈత వద్దని ఎగరేసిన ఎర్రజెండా దించడానికి లేదు.

ఆ రోజే ఊరి పండగ. ఏటా భోజనాలకు ముందు ఊరి జనమంతా సముద్రంలో మునక వేస్తారు. పైగా సముద్రం అలికినట్టు ప్రశాంతంగా ఉంది. జనం తువ్వాళ్లు భుజాన వేసుకుని లావా బండల మీద కూర్చున్నారు. ఒడీలియాకు కాలు ఒకచోట నిలవలేదు. వాగు దాకా వెళ్లేది, దోసిట్లో నీళ్లు వాసన చూసేది, మళ్లీ వచ్చేది.

"ఏమ్మా, జెండా ఉతికి ఆరేశావా?" అంది రొట్టెల కొట్టు ఫిలొమేనా.

"లేదు పిన్నీ, నీళ్లు పేడ కంపు కొడుతున్నాయి."

"ఆ పేడ ఎవరి ఆవులదో మేం చెప్పాలా?"

బండల మీద నవ్వులు లేచాయి. వాగు పైనున్న పచ్చికలో మేసేవి ఒడీలియా భర్త ఆబెల్ ఆవులే. ఆమె మొహం కందిపోయింది.

అంతలో మామగారు ఇనాసియు చొక్కా విప్పి నీళ్లలోకి నడిచాడు.

"మామయ్యా, ఆగండి. వాగు ఉరవడికి అక్కడ అడుగంతా కోసుకుపోయి ఉంటుంది."

"ఈ నీళ్ల సంగతి నాకు చెబుతున్నావా, అమ్మాయ్?"

నడుము లోతు దాకా వెళ్లాడు. తరవాతి అడుగుకు నేల అందలేదు. నీటి లాగుడు ఆయన్ను బండల వైపు ఈడ్చుకుపోయింది. ఒడీలియా నీటిపై తేలే రబ్బరు చక్రం పట్టుకుని దూకింది. ఆయన ఆమె మెడ పట్టుకున్నాడు, ఇద్దరూ ఒకసారి మునిగారు. చక్రం ఆయన చేతికిచ్చి, లాగుడుకు ఎదురీదకుండా అడ్డంగా ఈది, చాలా దూరాన ఒడ్డుకు చేర్చింది.

ఆయన నీళ్లు కక్కి, "ఆవుల కొట్టం కడిగిన నీళ్లలాగే ఉన్నాయి" అన్నాడు. ఈసారి ఎవరూ నవ్వలేదు.

మర్నాడు, నీళ్లు ఈతకు పనికిరావని ఫలితం వచ్చింది. ఆబెల్ సూప్ గిన్నెలోంచి తల ఎత్తలేదు.

"ఊరంతా నన్నే అంటోంది. నువ్వూ అను."

"అనను. ఆవులు దిగకుండా వాగు వెంట కంచె కట్టు."

"కడితే అవి నీళ్లెక్కడ తాగుతాయి?"

అయినా తెల్లవారి తీగచుట్ట భుజాన వేసుకుని కొండెక్కింది. ఇనాసియు అప్పటికే అక్కడ ఉన్నాడు. దగ్గుతూ, ఊటబావి నుంచి ఆవుల తొట్టికి గొట్టం పరుస్తున్నాడు. మధ్యాహ్నానికి ఆబెల్ కూడా వచ్చాడు. కంచెకు గుంజలు పాతాడు.

తరవాతి వారం నీళ్లు బాగయ్యాయని కబురు వచ్చింది. పండగ మునక పోగొట్టిందని ఫిలొమేనా మాత్రం ఒడీలియాతో మాట్లాడటం మానేసింది. ఆ నీళ్లు మింగిన రోజు పట్టిన ఇనాసియు దగ్గు ఇంకా తగ్గలేదు. రాత్రి ఆయన గదిలోంచి అది వినిపించినప్పుడల్లా ఒడీలియా లేచి కూర్చుంటోంది.