చప్పిడి పప్పు

పద్దెనిమిది మందికి పప్పు వండి, ఉప్పు వెయ్యకుండా పొయ్యి మీది నుంచి దించడం ఎంత కష్టమో వండే చేతికే తెలుస్తుంది. పప్పు మెత్తబడిందంటే చాలు, చెయ్యి దానంతటదే జాడీ వైపు పోతుంది. పదకొండేళ్ళ కాపురంలో విజయలక్ష్మి చేతికి ఒకరు చెప్పాల్సిన పనిలేకుండా అన్నీ తెలిసిపోయాయి. ఇప్పుడు ఆ చేతినే పట్టుకుని వెనక్కి లాక్కోవాలి. ఇరవై రెండు రోజులుగా పూటపూటకూ లాక్కుంటూనే ఉంది.

ఆ రూలు ఆమె భర్త వెంకట్రాజంది. మిల్లు ఫుట్‌బాల్ టీముకు ఆయన కోచ్. మిల్లు టీమంటే వరంగల్లో ఆ రోజుల్లో ఆషామాషీ కాదు. ఆటగాళ్ళ పేర్లు నేత ఖాతాలో ఉండేవి గానీ వాళ్ళు మగ్గం ముట్టేవాళ్ళు కాదు, ఆడటమే వాళ్ళ కొలువు. డెబ్బై తొమ్మిది ఎండాకాలానికి ఆ కొలువు కాస్తా ఊగిసలాటలో పడింది. లీగులో మొదటి మూడు మ్యాచులూ ఓడిపోయారు. ఇట్లాగే ఓడితే టీమును ఎత్తేసి అందర్నీ సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద, నేతకు పంపుతామని పైనుంచి కబురొచ్చింది.

లీగు నడిచినన్నాళ్ళూ ఆటగాళ్ళకు క్యాంపు వెంకట్రాజం ఇంట్లోనే. మూడో ఓటమి మర్నాడు ఆయన వాళ్ళను ఇంటి వాకిట్లో వరుసగా నిలబెట్టాడు.

"ఉప్పు కారం తినేటోళ్ళ లెక్కనే ఆడుతాండ్లారా మీరు? ఇయ్యాల్టి సంది గెలిచేదాక మీ కూట్ల ఉప్పు బంద్. తొక్కు బంద్. సల్ల బంద్. క్యాంపు దాటి ఎవడన్న బయట తిన్నడో, మల్ల నా టీముల ఉండడు." అని, వంటింటి వైపు తల తిప్పి, "ఇన్నవా?" అన్నాడు.

విన్నది. వినకేం చేస్తుంది? కోపంలో అన్న మాట, రెండు పూటల్లో చల్లారిపోతుందిలే అనుకుంది పిచ్చిది. మర్నాడు గిన్నె దించగానే ఆయన చెంచా పట్టుకుని వచ్చాడు. అప్పటి నుంచి ప్రతిపూటా ముందు ఆయన రుచి చూడటం, తర్వాతే వడ్డన. ఇంత అన్యాయం చేసే మనిషి తాను మాత్రం ఉప్పేసుకుని తింటే అందరూ తిట్టుకునేవాళ్ళు. ఆయన కూడా అదే చప్పిడి తిన్నాడు. "నేను తింటలేనా?" అని రొమ్ము మీద చెయ్యేసుకుని అడిగేవాడు. ఆయన వేపచెట్టు నీడలో విజిల్ పట్టుకుని నిలబడి తిన్నాడనీ, వాళ్ళు మే నెల ఎండలో రెండు పూటలా పరుగెత్తి తిన్నారనీ విజయలక్ష్మికి తెలుసు. చెమటకు అట్టకట్టిన బనీన్లు ఉతికేది ఆమే గదా.

క్యాంపు మొదలైనప్పుడు మిల్లువాళ్ళు వంటమనిషిని ఇస్తామన్నారట. "ఎందుకు సార్, మా ఇంట్ల ఆడిది ఖాళీగనే ఉంటది" అన్నాడట ఈయన. ఆ మాట ఆమెకు టీము కెప్టెన్ యాదగిరి చెప్పాడు, అదీ ఆయన మెచ్చుకున్నాడనుకుని. ఖాళీ! పిల్లలు లేని ఆడది ఎంత పని చేసినా ఖాళీ కిందే లెక్క. ఒకసారి నడుము పట్టేసి పీట మీద కూలబడితే అత్త మొగిలమ్మ గుమ్మంలోంచే, "నా కొడుకు ఇంతమంది మొగోళ్ళను నడిపిత్తాండు. నువ్వు వాళ్ళకింత ఉడకేస్తే అరిగిపోతవా?" అంది. విజయలక్ష్మి లేచి బియ్యం కడిగింది. అరిగిపోతున్న సంగతి ఎవరికని చెప్పుకోవాలి?

రూలు పెట్టిన అయిదో రోజు ఆమె ప్రాణం ఒప్పక పప్పులో గుప్పెడు ఉప్పేసింది. వెంకట్రాజం చెంచా నోట్లో పెట్టుకుని, గిన్నె ఎత్తి మోరీలో కుమ్మరించాడు. తర్వాత ఆమెను వాకిట్లోకి పిలిచి, కంచాలు పట్టుకుని కూర్చున్న వాళ్ళందరి ముందు నిలబెట్టాడు. "తప్పైంది సార్, అను." ఆమె అంది. పద్దెనిమిది మందీ తలలు దించుకున్నారు. ఆ పూట అందరూ పస్తున్నారు. తనను కొట్టినా ఇంత ఏడుపొచ్చేది కాదు. వాళ్ళ ఆకలికి కూడా తానే కారణమైందే అని వంటింట్లో కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. మళ్ళీ ఆ ధైర్యం చెయ్యలేదు.

వాళ్ళలో సారంగపాణి అనే అబ్బాయి ఉండేవాడు, ఇరవై ఒక్కేళ్ళవాడు. వరంగల్లోనే కొత్తవాడ అనే పేటలో వాళ్ళ ఇల్లు. తండ్రి పోయాడు, తల్లి బక్కమ్మ జంపఖానాలు నేసి పెంచింది. కుడివైపు నుంచి బంతి పట్టుకుని ఉరికాడంటే అవతలివాళ్ళు వెనకాల దుమ్ము తినాల్సిందే. చెప్పకుండానే బావిలోంచి నీళ్ళు చేది బిందెలు వంటింట్లో పెట్టిపోయేవాడు. "అక్కా, మా అవ్వ సుత నీ లెక్కనే, కూసోమంటే కూసోదు" అని తల్లిని తలుచుకుని నవ్వేవాడు. అక్కా అని నోరారా పిలిచేవాళ్ళు ఆమెకు ఇంకెవరూ లేరు.

నాలుగో మ్యాచూ అయిదో మ్యాచూ కూడా ఓడారు. ఆరో మ్యాచు రోజు. పొద్దున పదకొండింటికి సారంగపాణి వంటింటి గుమ్మం దగ్గరికి వచ్చి చతికిలబడ్డాడు. ముఖం పీక్కుపోయి ఉంది.

"అక్కా, పిక్కలు గుంజుకపోతాన్నయి. తల దిమ్ముగుంది. మల్ల అడుగుతాన్ననుకోకు, ఇయ్యాలన్న జరంత ఉప్పు పెట్టరాదే? నాలిక మీదేసుకుని నీళ్ళు తాగుత. ఎవలకు తెల్వది."

జాడీ చెయ్యి చాపితే అందేంత దూరంలో ఉంది. వాకిట్లో విజిల్ మోగింది. మళ్ళీ ఆ వాకిట్లో నిలబడటం, ఆ మాట అనడం, తలలు దించుకున్న ఆ మొగవాళ్ళు... చెయ్యి లేవలేదు.

"సారు బయటనే ఉన్నడు తమ్మీ. ఇయ్యాల ఎట్లన్నజేసి గెలిచి రా. పొద్దుమీకి నా చేతుల్తోని తొక్కేసి కలిపి పెడత."

"గట్లనే తియ్ అక్కా. నువ్వేం ఫికర్ జెయ్యకు." వాడు గోడ పట్టుకుని లేచి, కుంటుతూ వెళ్ళిపోయాడు.

తర్వాత జరిగింది ఆమెకు యాదగిరి చెప్పాడు. ఎండదెబ్బ తగలొద్దని వెంకట్రాజం అందరి చేతా కడుపునిండా నీళ్ళు తాగించాడట. నీళ్ళు తాగితే చాలనే ఆయన నమ్మకం. ఆట సగం దాటాక సారంగపాణి ఎవ్వరూ తగలకుండానే బోర్లా పడ్డాడు. గీత అవతలి నుంచి వెంకట్రాజం, "లేవ్! నాటకాలు బంద్ జెయ్!" అని రెండుసార్లు అరిచాడు. వాడు కాళ్ళూ చేతులూ కొట్టుకోవడం మొదలుపెట్టాకే విజిల్ ఊదాడు. రిక్షాలో వేసుకుని దవాఖానకు ఉరికారు. పొద్దు గూకకముందే ప్రాణం పోయింది. చెమటతో ఒంట్లో ఉప్పంతా పోయిందనీ, దాని మీద నీళ్ళు తాగడంతో మెదడు వాచిందనీ డాక్టర్ చెప్పి, "అసలు మీరు ఏం తింటున్నరయ్యా?" అని అడిగాడట.

"నువ్వేమన్నవ్?" అంది విజయలక్ష్మి.

యాదగిరి తల అడ్డంగా ఊపాడు. ఏమీ అనలేదని అర్థం.

ఆ రోజు నుంచి ఆమెకు ముద్ద దిగలేదు. భర్తను తిట్టుకుందామంటే మనసు అక్కడ నిలవదు. తిరిగి తిరిగి తన చేతి దగ్గరికే వస్తుంది. ఆయన రూలు పెట్టాడు, నిజమే. జాడీ ఎవరి దగ్గరుంది? ఆయన చెంచాతో రుచి చూసేది గిన్నెలోది గదా, ఆ పిల్లవాడి నాలుక మీది చిటికెడు ఉప్పు ఏ చెంచాకు అందేది? మహా అయితే ఏమయ్యేది, ఇంకోసారి తప్పైంది సార్ అనేది. ఒక మాటకు వెరచి ఒక తల్లి కొడుకును పంపించేసిందే! వెంకట్రాజం కూడా నిద్రపోలేదు. "నేనేమన్న సంపుదామని జేసిన్నా?" అని గోడలను అడిగేవాడు. ఆ గొంతు విని ఆమెకు జాలేసిన మాట కూడా నిజమే.

ఆ జాలి నాలుగో రోజు, మిల్లు విచారణ కోసం వెంకట్రాజం రాయించి తెచ్చిన కాగితంతో పోయింది. సారంగపాణి కల్లు తాగి ఆటకు దిగాడని, ఎండకు పడిపోయాడని అందులో రాసి ఉంది. ఆటగాళ్ళందరూ సంతకాలు పెట్టారు. పెట్టకపోతే సాంచాల మీదికి పోవాలి మరి. చివర్న ఒక వాక్యం: భోజనం అన్ని రుచులతో నేనే వండి పెట్టాను. దాని కింద జాగా వదిలి ఉంది.

"నీదొక్కటే తక్కువ," అన్నాడు వెంకట్రాజం. "నేను జైలుకు పోతే నీ బతుకేం గావాలె?"

"పోయినోడు ఎట్లయినా రాడు," అంది మొగిలమ్మ. "ఇంట్ల ఉన్నోని ముచ్చట జూడు."

సంతకం పెడితే ఇల్లు నిలుస్తుంది, టీమూ నిలుస్తుంది. కొత్తవాడలో మాత్రం బక్కమ్మ కొడుకు తాగి చచ్చినవాడైపోతాడు. మర్నాడు మిల్లు ఆఫీసులో బక్కమ్మ ఎదుట కూర్చునే సరికి ఆ ఒక్క సంగతే విజయలక్ష్మి తలలో తిరుగుతోంది.

విచారణ చేసేది కిషన్ రావు అనే పెద్ద ఆఫీసరు. బక్కమ్మకు కుర్చీ వెయ్యలేదు, గోడవారన నేల మీద కూర్చుంది. వేళ్ళకు జంపఖానా నూలు ఎర్ర రంగు ఇంకా వదల్లేదు. ఆఫీసరు కాగితం పైకి చదివాడు.

"నా కొడుకు కల్లు ముట్టడు సారు," అంది బక్కమ్మ.

"నీకెట్ల తెలుసమ్మా? నెల సంది క్యాంపులనే ఉండె గద," అని, ఆయన పెన్ను విజయలక్ష్మి ముందు పెట్టాడు.

ఆమె భర్త వైపు చూసింది. వెంకట్రాజం కళ్ళల్లో భయం కనిపించింది. ఆ భయం ఆమెకు కొత్తది కాదు, పదకొండేళ్ళుగా తనదే. ఎదుటి మనిషి ఏమంటాడో అని పెదవుల వంక చూస్తూ ఉండటం ఎట్లా ఉంటుందో ఇప్పుడు ఆయనకూ తెలుస్తున్నట్టుంది. తెలియనీ, అనుకుంది.

పెన్ను ముట్టకుండా కుర్చీలోంచి లేచి వెళ్ళి, బక్కమ్మ ఎదురుగా నేల మీద కూర్చుంది. వెనక నుంచి వెంకట్రాజం, "ఏయ్!" అన్నాడు. ఆమె తిరిగి చూడలేదు.

"నీ కొడుకు తాగలేదు పెద్దమ్మా. ఇరవై రెండు రోజులు వాళ్ళకు ఉప్పు లేని కూడు పెట్టినం. ఓడిపోయిండ్లని మా ఆయన బంద్ వెట్టిండు, నేను వండిన. పెట్టమని నీ కొడుకు నన్ను అడిగిండు. నేను మా ఆయనకు భయపడి పెట్టలే."

కొడుతుందనుకుంది, శాపనార్థాలు పెడుతుందనుకుంది. బక్కమ్మ ఆమె ముఖంలోకి చూసింది.

"ఎన్నిసార్లు అడిగిండు బిడ్డా?"

"మూడుసార్లు."