ఆది జాకెట్టు పేజీ

గౌరమ్మ కొత్త జాకెట్టు తొడుక్కుని అద్దం ముందు నిలబడింది. భుజాలు జారాయి. చంకల దగ్గర గుడ్డ సంచిలా వేలాడింది.

"ఏమ్మా కృష్ణవేణీ, దీంట్లోకి నేనూ, మా వియ్యపురాలూ ఇద్దరం పడతామే!" అంది.

పుంగనూరులో షాపు తెరిచినప్పటి నుంచీ కృష్ణవేణి ఇలాంటి మాట పడలేదు. కొలతలిస్తే కటింగ్ గీసిచ్చే ఉచిత సాఫ్ట్‌వేర్ ఒకటి కంప్యూటర్లో పెట్టుకుని, దాని ప్రకారం కత్తిరించిన మొదటి జాకెట్టు అది. వేరే గుడ్డ తనే తెచ్చి కుట్టిస్తానని గౌరమ్మను సాగనంపి, సాఫ్ట్‌వేర్ వాడే పద్ధతి రాసిన పేజీలు మళ్ళీ చదివింది. తప్పు దొరికింది. ఒంటిమీద టేపు పెట్టి తీసిన కొలతలని అనుకుని సాఫ్ట్‌వేర్ తనే కాస్త లూజు కలుపుతుంది. కానీ గౌరమ్మలాంటి వాళ్ళు ఒళ్ళు కొలవనిస్తారా? సరిపోయే పాత జాకెట్టు ఒకటి ఆదికని ఇచ్చిపోతారు. అందులో లూజు ముందే ఉంటుంది. లూజు మీద లూజు పడింది. ఆ పేజీల్లో ఎక్కడా ఆది జాకెట్టు ఊసే లేదు.

ఇంకో టైలరమ్మకు ఈ మాట పడే పని లేకుండా చెయ్యాలనిపించింది కృష్ణవేణికి. ఆ సాఫ్ట్‌వేర్ అందరిదీ. ఎవరైనా మార్పు రాసి పంపొచ్చు. దాని బాగోగులు చూసేవాళ్ళు ఒప్పుకుంటే చేరుతుంది. మదనపల్లెలో బీకాంతో పాటు వదిలేసిన ఇంగ్లీషును దుమ్ము దులిపి, కొలతల పేజీ అంతా కొట్టేసి, ఆది జాకెట్టును కొలిచే పద్ధతి రాసి పంపింది.

జవాబొచ్చింది. "ఇది మాకు తెలియని సంగతి, చాలా ఉపయోగం. అయితే ఒళ్ళు కొలిచేవాళ్ళకు పాత పేజీ కావాలి. దాన్ని ఉంచి, మీది పక్కన చేర్చండి. ఒక ఫోటో కూడా పెట్టండి."

కృష్ణవేణి ముఖం చిన్నబోయింది. "వద్దనేసినారు నూరూ."

షాపులో భాగస్తురాలైన నూరున్నీసా హుక్కులు కుడుతూ తలెత్తింది. "వద్దని యాడ రాసుండారక్కా? బిగువుగా ఉండాది, రవ్వంత వదులు చెయ్యమని జాకెట్టు తెచ్చిస్తే, నిన్ను వద్దన్నట్టా? ఆల్టరేషన్ అడిగినారు. చేసియ్యి."

కృష్ణవేణికి నవ్వొచ్చింది. కొట్టేసిన పేజీని యథాస్థానంలో పెట్టి, తనది దాని పక్కన చేర్చింది. సాఫ్ట్‌వేర్ కలిపే లూజును సున్నా చేసి గౌరమ్మకు మళ్ళీ కుట్టింది. ఈసారి జాకెట్టు ఒంటికి అతికినట్టు కూర్చుంది. అదే అదనుగా ఆది జాకెట్టును ఫోటో తీసుకుంటానని అడిగింది.

"నా జాకెట్టునా? దేశాలోళ్ళంతా సూస్తారా?"

"సూస్తారమ్మా."

"అయితే ఇది వద్దు, వెలిసిపోయుండాది. మా ఎర్ర జరీది కూడా ఇదే కొలత. తెచ్చిస్తా, ఉండు."

ఎర్ర జాకెట్టును బల్లమీద పరిచి, టేపు పెట్టి తీసిన ఫోటోతో మార్పు మళ్ళీ వెళ్ళింది. మర్నాడు పేజీ కింద కృష్ణవేణి పేరుంది. నూరున్నీసా ఆ పేరును వేలితో తడిమి చూసి, అదంతా తనే రాసినంత గర్వంగా నవ్వింది.

కొన్నాళ్ళకు ఆ పేజీ మీద కుప్పం నుంచి మునీశ్వరి అనే ఆవిడ రాసింది. "నేనూ టైలర్‌నే. పట్టుగుడ్డ మీద కత్తెర పెట్టబోతూ ఇది చదివి ఆగినాను. ఆ ఎర్ర జాకెట్టు ఎవరిదో గానీ భలే ఉండాది."

కృష్ణవేణి కుర్చీ ముందుకు లాక్కుని జవాబు రాసింది.

"మా గౌరమ్మది. కొలిచింది నేను."