మెడలో పలక

చోడవరంలో వేంకటరమణమూర్తి మాస్టారి ఇంగ్లీషు ట్యూషన్‌లో ఒక ఆచారం ఉండేది. తప్పు చెప్పినవాళ్ళ మెడలో పలక వేలాడదీసేవారు. ఇంకొకరు తప్పు చెప్పేదాకా దాన్ని తియ్యకూడదు. రోలుగుంట చెరకురైతు కూతురు సంధ్యారాణి ‘ఫర్’ అనాల్సిన చోట ‘సిన్స్’ అని, ఆ పలకతోనే బస్సెక్కింది. బస్సంతా నవ్వింది. మర్నాటి నుంచి ట్యూషన్ మానేసింది, పలక మాత్రం దాచుకుంది.

పన్నెండేళ్ళ తరవాత, రిటైరైన మాస్టారు ఓ ప్రైవేటు స్కూల్లో ఉద్యోగం కోసం డెమో క్లాసుకి వచ్చారు. వెనక బెంచీలో ఆయన పాఠానికి మార్కులు వెయ్యడానికి కూర్చున్న టీచరు సంధ్యారాణి. ఆయన గుర్తుపట్టలేదు.

“సిన్స్‌కీ ఫర్‌కీ తేడా ఏటో పిల్లలకి సెప్పండి మాస్టారూ,” అంటూ ఆమె సంచిలోంచి పలక తీసి బల్లమీద పెట్టింది.

పలక చూడగానే ఆయన కంగారుగా బోర్డుకేసి తిరిగారు. “సిన్స్ అంటే... ఎంతకాలమో చెప్పడానికి. ఫర్ అంటే, ఎప్పట్నుంచో...”

“తిరగేసి సెప్పేరు.” సంధ్యారాణి లేచి వచ్చి పలక ఆయన మెడలో వేసింది. “మీ రూలే. ఇంకొకరు తప్పు సెప్పీదాకా తియ్యకూడదు. పిల్లల్ని ఒక్కొక్కర్నే అడగండి.”

మాస్టారు ఆశగా మొదటి బెంచీకేసి చూశారు. ఆ క్లాసులో నలభైమందికీ రెండేళ్ళుగా ఇంగ్లీషు చెబుతున్నది సంధ్యారాణే.